ట్రైలర్ మూడో యాక్సిల్ ఎడమ చక్రం కాలిపోతోంది: లైనర్లు మార్చాలా, డ్రమ్మా?

టెక్కలి రాయిబండి

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. సొంత ట్రైలర్ ఉంది. 2014 మోడలు, మూడు యాక్సిళ్లు, ఫ్లాట్ బెడ్డు. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. క్వారీ నుంచి గ్రానైట్ బ్లాకులు ఎక్కించుకుని విశాఖ పోర్టుకి తోలుతాను. పోను 150 కిలోమీటర్లు, రాను ఖాళీ.

నెల్లాళ్లుగా ఒకటే బాధ. లోడుతో వెళ్తూ మడపాం టోల్‌గేటు దగ్గర ఆగి టైర్లు తట్టి చూసుకోవడం అలవాటు. అక్కడికొచ్చేసరికే మూడో యాక్సిల్ ఎడమ బ్రేకు డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టలేకపోతున్నాను. కాలిన గోనెసంచి వాసన. నాతవలస చేరేసరికి పల్చగా పొగ కూడా వస్తోంది. కుడివైపు డ్రమ్ము మాత్రం చల్లగా ఉంటోంది, దానికే ఇబ్బందీ లేదు. బ్రేకు గట్టిగా తొక్కితే బండి వెనకభాగం కొంచెం ఎడమకి లాగుతున్నట్టు అనుమానం. అది రోడ్డు వాలు వల్లేమో, ఖాయంగా చెప్పలేను.

ఎడమ స్లాక్ (బ్రేకు బిగువు సర్దే లివరు) లూజు చేసి చూశాను. ఒక ట్రిప్పు బాగుంటుంది, మళ్లీ బ్రేకు అందడం లేదని మా క్లీనరు (మా మేనత్త కొడుకే) అన్ని స్లాకులూ టైటు చేసేస్తాడు, మళ్లీ మొదటికే. ఒక మెకానిక్ లైనర్లు (డ్రమ్ముకి రాసుకునే బ్రేకు పొరలు) అయిపోయాయి, మార్చెయ్యాలన్నాడు. ఇంకొకాయన డ్రమ్ము ఓవల్ అయిపోయింది, కొత్తది వెయ్యమన్నాడు. ఇద్దరూ చక్రం విప్పకుండానే చెప్పారు.

గ్రీజు విషయంలో మాత్రం నేను లోటు చెయ్యలేదు. దసరా పూజకి ముందు వాటర్ సర్వీసు చేయించి, గాలి గన్నుతో అన్ని నిపుల్స్‌కీ నిండా కొట్టించాను. మొన్న కుడివైపు లోపలి టైరు పంక్చరై విప్పితే రిమ్ము లోపలి అంచు మీద గ్రీజు చారలు కనిపించాయి. సర్వీసు కుర్రాడినడిగితే “గ్రీజు బయటికొచ్చిందంటే నిండిందన్నమాట” అన్నాడు.

ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). ఇంకా 20 రోజులే ఉంది. ఆ పరీక్షకి వెళ్లేలోపు అసలు దేనికి డబ్బు పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. స్లాకులు మాన్యువలే, ఆటో కాదు.

పలాస కుర్రోడు

అన్నా, అంత ఆలోచన వద్దు. డ్రమ్ము విప్పి, లైనర్లని పెట్రోలుతో కడిగి, ఎమరీ పేపరు కొట్టి, లోపల దుమ్మంతా గాలి పైపుతో ఊది ఎక్కించెయ్. క్యామ్ మీద, రోలర్ల మీద గ్రీజు దండిగా పుయ్యి, ఫ్రీగా తిరుగుతాయి. మా జీడిపిక్కల లోడు బండికి అలాగే చేశాం, ఎఫ్‌సీ అయిపోయింది.

నరసన్నపేట పాత మేస్త్రి

బాబూ టెక్కలీ, నేను నరసన్నపేటలో 34 ఏళ్లు లారీ బ్రేకులే చేశాను. ఇప్పుడు మోకాళ్లు పట్టేసినాయి, షెడ్డు మా అల్లుడు చూస్తన్నాడు, నేను కుర్చీ వేసుకుని కూకుని తప్పులెన్నుతుంటాను. మాట మా యాసలోనే వస్తాది, ఏటనుకోకు.

నువ్వు నాలుగు పేరాలు రాసినావు గానీ అసలు కబురు రెండే ముక్కల్లో ఉన్నాది. ఒకటి, కుడి డ్రమ్ము చల్లగా ఉన్నాది. రెండోది, కుడి రిమ్ము లోపల గ్రీజు చారలు. ఈ రెంటినీ నువ్వు ఇబ్బంది లేని లెక్కలో రాసీసినావు. లోడు బండి టెక్కలి నుంచి మడపాం దాకా వచ్చిందంటే దారిలో ఎన్ని బ్రేకులు పడాలి? కోటబొమ్మాళి దగ్గర ఆవులు, పేట జంక్షను, టోల్‌గేటు క్యూ. పని చేసిన డ్రమ్ము గోరువెచ్చగానైనా ఉండాలి కదా. చల్లగా ఉన్నాదంటే అది పని చెయ్యలేదు. దాని పని కూడా ఎడమది మోస్తన్నాది. ఇద్దరు మోసే బరువు ఒకడే మోస్తే ఎవడికి చెమట పడతాది?

అందుకని ముందు కుడి చక్రం విప్పు.

ఇప్పుడు గ్రీజు ఎలా లోపలికెళ్లిందో చెప్తాను. నువ్వు బ్రేకు తొక్కితే బూస్టరులోకి, అదే బ్రేకు గాలి డబ్బాలోకి, గాలొచ్చి రాడ్డుని తోస్తాది. రాడ్డు స్లాకుని తోస్తాది, స్లాకు క్యామ్ షాఫ్టుని తిప్పుతాది. షాఫ్టు చివర ఎస్ అక్షరంలా తల ఉంటాది, అది రెండు రోలర్లనీ విడదీసి, లైనర్లు తగిలించిన షూలని డ్రమ్ముకి అదుముతాది. ఈ షాఫ్టు రెండు బుష్షుల్లో తిరుగుతాది. బుష్షులకి గ్రీజు కావాలి. నిపుల్ దానికే. అయితే లోపలి బుష్షు పక్కనే డ్రమ్ము, డ్రమ్ములో లైనర్లు. అడ్డంగా ఉన్నది ఒక చిన్న రబ్బరు సీలు, అంతే. దాని పెదవి స్లాకు వైపు చూడాలి. బయటి సీలు పెదవి కూడా అటే. అప్పుడు కొత్త గ్రీజు కొడితే పాత గ్రీజు స్లాకు వైపు నుంచి బయటికొస్తాది, డ్రమ్ములోకి పోదు. సీలు తిరగేసి కూర్చోబెట్టినా, అరిగిపోయినా గ్రీజు నేరుగా లైనర్ల మీదకి పోతాది. ఇక గాలి గన్నంటావా, అది వొత్తిడితో మంచి సీలుని కూడా మడత పెట్టేస్తాది. చేతి గన్నుతో కొట్టి, స్లాకు పక్కన కొత్త గ్రీజు తొంగిచూడగానే ఆపీయాలి. “బయటికొస్తే నిండినట్టే” అన్న సర్వీసు కుర్రాడి మాట సగం నిజమే. ఏ పక్కనుంచి వచ్చిందో కూడా వాడు చూడాలి కదా.

ఈ తప్పు నేనూ చేసినానులే. మన రోడ్డు ఇంకా 5వ నంబరు హైవేగా ఉన్న రోజులు, రెండే లైన్లు. మా గురువుగారు అన్నానికెళ్తే, ఒక ట్రైలరుకి సీళ్లు నేను సొంతంగా ఎక్కించినాను. చదునుగా ఉన్న పక్క బయటికి పెడితే చూడ్డానికి శుభ్రంగా ఉన్నాదని అలా పెట్టినాను. అంతకంటే కారణం ఏటీ లేదు. గ్రీజు కూడా గట్టిగానే కొట్టినాను. మూడో రోజుకి సిమెంటు లోడుతో బండి వెనక్కొచ్చినాది, డ్రైవరు దిగి నన్నేమీ అనలేదు, నేల మీద ఉమ్మి వెళ్లిపోనాడు. గురువుగారు డ్రమ్ములు విప్పించి, గ్రీజు తాగిన షూలు ఎనిమిదీ నా ముందు పేర్చి, వాటిని తుక్కు కొట్టుకి నా చేతే మోయించి, కొత్త లైనర్ల డబ్బు నా జీతంలో కోసినారు. నాలుగు నెలలు. అప్పటినుంచి సీలు చేతిలోకి తీసుకుంటే రెండుసార్లు తిప్పి చూస్తాను, ఇప్పటికీ.

పలాస తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నువ్వు చెప్పినవాట్లో ఒక్కటీ చెయ్యకూడదు. గ్రీజు తాగిన లైనరు కడిగితే పైన ఆరతాది, డ్రమ్ము కాలితే లోపలి గ్రీజు మళ్లీ ఉబికి వస్తాది. మార్చాల్సిందే. అదీ ఒక చక్రానికి కాదు, ఆ యాక్సిల్ రెండు పక్కలా. లేకపోతే కొత్తది ఒకలా పట్టి పాతది ఒకలా పట్టి బండి లాగుతాది. పెట్రోలు సంగతైతే నేను చెప్పక్కర్లేదు, షెడ్డుల్లో కాలిన చేతులు చాలా చూసినాను. దుమ్ము గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో రాతినార ఉంటాది, ఊపిరితిత్తుల్లోకెళ్తే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడువు.

రోలర్ల మీద గ్రీజు అన్నావు. అది నూటికి తొంభై మంది చేసే తప్పే. రోలరు షూలో కూర్చునే గుంట ఉంటాది చూడు, అక్కడ కొంచెం పుయ్యాలి. క్యామ్ తలని తాకే చోట పొడిగా ఉండాలి. అక్కడ గ్రీజు రాస్తే రోలరు దొర్లడం మానీసి జారతాది, ఒకే చోట అరిగి చదునైపోతాది. చదునైన రోలరు క్యామ్ మీద తట్టుకుని బ్రేకు ఒదలడం మానీస్తాది. షూ రెండో చివర యాంకర్ పిన్నులకి కూడా పల్చగా రాసుకో.

ముందు ఒక కొలత తీసి ఇక్కడ రాయి. బండి చదునులో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు వేసి, గాలి 6 నుంచి 7 బార్ ఎక్కించి, ఇంజిను ఆపి, పార్కింగ్ బ్రేకు ఒదులు. బూస్టరు ముఖం దగ్గర రాడ్డు మీద సుద్దముక్కతో గీత పెట్టు. ఒకడిని బ్రేకు తొక్కి పట్టుకోమను. గీత ఎంత బయటికొచ్చినాదో టేపుతో కొలువు. మూడో యాక్సిల్ రెండు పక్కలా. బండి కిందకి నువ్వెళ్లు, గుంటడిని పంపకు.

సాలూరు ఘాటు

మేస్త్రిగారు చెప్పాక మెకానిక్కు సంగతి నేను మాట్లాడను. డ్రైవరుగా ఒక మాట. (సాలూరు ఇప్పుడు మన్యం జిల్లా అంటున్నారు, మా బండి కాగితాల మీద ఇంకా విజయనగరమే ఉంది.)

నేను రాయపూర్ లైను తోలుతాను. కోరాపుట్ నుంచి వచ్చేటప్పుడు సుంకి దాటాక దిగుడు. ఆ ఘాటులో నేర్చుకున్నది ఏమిటంటే, స్లాక్ ఎప్పుడు టైటు చేశామన్నది చాలా ముఖ్యం. డ్రమ్ము కాలితే వ్యాకోచిస్తుంది, లైనరుకీ డ్రమ్ముకీ దూరం పెరుగుతుంది. కింద పెడలు లోతుకెళ్తుంటే మనవాళ్లు అక్కడే ఆపి, వేడి డ్రమ్ము మీదే స్లాకు బిగిస్తారు. అరగంటకి డ్రమ్ము చల్లారి ముడుచుకుంటుంది, లైనరు పట్టేస్తుంది, బ్రేకు తొక్కకుండానే రాపిడి. అదే చక్రం మళ్లీ కాలుతుంది. మీ క్లీనరు ఎడమవైపు బిగించింది టోల్‌గేటు దగ్గర, వేడి మీదనేమో కనుక్కోండి.

ఇంకొకటి. పొగ చూసి భయపడి నీళ్లు చల్లకండి. మా రోజుల్లో ఘాటు కింద బక్కెట్లతో నీళ్లు పోసేవారు. కాలిన పోత ఇనుము మీద చల్లనీళ్లు పడితే నెర్రెలు ఇస్తుంది. ఎండలో నిలబెట్టి టీ తాగడమే వైద్యం.

దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా గేరు తగ్గించి, ఇంజినుతో పట్టి, అప్పుడప్పుడు గట్టిగా తొక్కి ఒదలాలి. ఇది అందరికీ తెలుసు. ఖాళీగా కిందకి వచ్చేటప్పుడు తప్ప పాటించేవాళ్లు తక్కువ.

టెక్కలి రాయిబండి

మేస్త్రిగారూ, కొలిచాను. మా నాన్న పెడలు తొక్కి పట్టుకున్నారు. గాలి ఆరున్నర బార్ ఉంది.

ఎడమ 36 మిల్లీమీటర్లు. కుడి 57.

రెండూ 30 నంబరు బూస్టర్లే, పైన పోతలో అంకె ఉంది. కుడి స్లాకు పట్టుకుని పైకీ కిందకీ ఊపితే షాఫ్టుతో సహా కదులుతోంది, టక్కుటక్కుమని చప్పుడు. ఎడమది అంత కదలడం లేదు.

సాలూరు అన్నగారూ, మీరు చెప్పింది నిజం. మా వాడు టోల్‌గేటు దగ్గరే, వేడి మీదే, ‘చెయ్యి తగలకుండా గుడ్డ చుట్టుకుని’ బిగించాడట. అడిగితే గర్వంగా చెప్పాడు.

ఒక సందేహం. కుడివైపు అంత లూజుంటే వాడు బిగించినప్పుడల్లా అది కూడా బిగుసుకోవాలి కదా? ఎందుకు 57కి పోయింది?

నరసన్నపేట పాత మేస్త్రి

మంచి ప్రశ్నే అడిగినావు, దీనికి జవాబు దొరికితే నీ బండి రోగం దొరికినట్టే.

30 నంబరంటే లోపలి రబ్బరు పొర 30 చదరపు అంగుళాలు పని చేస్తాదని. అంగుళానికి 100 పౌండ్ల గాలి ఉంటే 3000 పౌండ్ల తోపుడు, మన లెక్కలో 1350 కిలోల పైమాటే. మామూలు 30 బూస్టరు రాడ్డు మొత్తం నడక రెండున్నర అంగుళాలు, అంటే 63, 64 మిల్లీలు. 50 మిల్లీలు దాటితే సర్దుబాటు తప్పినట్టు లెక్క. ఎందుకంటే చివరి దాకా పోయేకొద్దీ ఆ తోపుడు పడిపోతాది, గోడకి తగిలిన మనిషి ఇంకేం తోస్తాడు? నీ కుడిది 57లో ఉన్నాది. చల్లగా ఉన్న డ్రమ్ముతోనే 57. మామూలుగా డ్రమ్ము కాలి ఇంకో ఆరేడు మిల్లీలు పెరిగితే అడుగంటిపోవాలి. కానీ పని చెయ్యదు కాబట్టి అది కాలదు, అందుకే నువ్వింకా రోడ్డు మీద ఉన్నావు.

ఇప్పుడు నీ సందేహం. స్లాకు బిగించినా అరిగిన బుష్షు అరిగినట్టే ఉంటాది. బ్రేకు పడ్డప్పుడు షాఫ్టు తిరగాల్సింది పోయి ముందు బుష్షులో పక్కకి వాలతాది, ఆ వాలడానికే రాడ్డు నడక సగం ఖర్చు. మీ గుంటడు బిగించినప్పుడు అది చేతికి టైటుగానే తగులుతాది, గాలి బలం పడితే మళ్లీ వాలతాది. దీనికి తోడు స్లాకు మీద తాళం కాలరు ఉంటాది, పానా పెట్టి లోపలికి నొక్కితేనే నట్టు తిరుగుతాది. పానా తీసినాక ఆ కాలరు టక్కుమని బయటికి రావాలి. మట్టి, తుప్పు పట్టి లోపలే ఉండిపోతే నట్టు తనంతట తాను వెనక్కి తిరిగిపోతాది. మన సముద్రపు గాలికి ఇది చాలా మామూలు. రెంటిలో ఏది అన్నది విప్పితే తెలుస్తాది, నా అనుమానం రెండూ.

షాఫ్టు కదలిక ముప్పావు మిల్లీ దాటితే బుష్షులు మార్చాలి. డయల్ గేజీ లేకపోతే పరవాలేదు, టక్కుటక్కు చప్పుడొస్తే దాటినట్టే.

విప్పినప్పుడు ఇది చూసుకో. గ్రీజు ఎక్కడ నుంచి మొదలైనాది? క్యామ్ తల చుట్టూ ముద్దగా ఉంటే క్యామ్ సీలు. హబ్బు మధ్యనుంచి చుట్టూ చిమ్మినట్టుంటే హబ్బు ఆయిల్ సీలు. అప్పుడు బేరింగులు కూడా విప్పాలి. రంగు కూడా చెప్తాది. నీ గాలి గన్ను గ్రీజు ఏ రంగు?

డబుల్ బూస్టరు జోలికెళ్తే మాత్రం జాగ్రత్త. వెనక డబ్బాలో పార్కింగు స్ప్రింగు నొక్కి ఉంటాది. దాని కేజింగ్ బోల్టు బిగించి స్ప్రింగుని కట్టీకుండా బూస్టరు విప్పొద్దు. ఆ డబ్బా చుట్టూ ఉన్న క్లాంపు అసలు ముట్టొద్దు. ఇది నేను బతిమాలి చెప్తన్నాను. మా వీధిలో ఒకాయన దవడ ఎముక లేకుండా 20 ఏళ్లు బతికినాడు.

పైడిభీమవరం యార్డు

నేను ఇక్కడి ఫార్మా ఫ్యాక్టరీలకు కంటైనర్లు తోలే ట్రాన్స్‌పోర్టు యార్డులో మెయింటెనెన్సు చూస్తాను. మేస్త్రిగారి మాటలు పుస్తకంలో అచ్చు వేయించాలి. రెండు చేర్పులు, ఒక చిన్న తగాదా.

కొత్త ట్రైలర్లకు ఆటో స్లాకులు వస్తున్నాయి. వాటిని చేత్తో మాటిమాటికీ బిగించకండి. ఆటో స్లాకు నడక తప్పిందంటే దాని వెనక అరిగిన బుష్షో, రాడ్డునీ స్లాకునీ కలిపే క్లెవిస్ పిన్ను వదులవడమో, తప్పు కోణమో ఉంటుంది. చేత్తో బిగిస్తే ఆ రోజుకి దాగుతుంది, పైగా వెనక్కి తిప్పితే లోపలి క్లచ్చు అరుగుతుంది. మాలీ (మాలిబ్డినం) కలిసిన నల్ల గ్రీజు కూడా ఆటో స్లాకుకి కొట్టకూడదు, ఆ క్లచ్చు జారిపోతుంది. మా స్టోరులో ఆ డబ్బా మీద ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టించాను.

రెండో చేర్పు. మేము ప్రతి బండికీ నెలకోసారి క్యామ్ బుష్షులకు, స్లాకులకు చేతి గన్నుతో గ్రీజు కొడతాం. వానాకాలంలో, బండి కడిగించిన మర్నాడు తప్పనిసరి. ఒత్తిడి నీళ్లు సీలు దాటి లోపలికి వెళ్తాయి.

తగాదా ఏమిటంటే, మేస్త్రిగారి తరం వాళ్లు పాత షూలకే కొత్త లైనర్లు రివిట్ కొట్టించమంటారు. నేను మాత్రం షూ వంపు ఒకసారి కొలవకుండా ఒప్పుకోను. కాలిన షూ సాగి ఉంటుంది, దానికి కొత్త లైనరు కొడితే రెండు చివర్లే డ్రమ్ముకి తగులుతాయి.

నరసన్నపేట పాత మేస్త్రి

యార్డు బాబూ, తగాదా ఏటీ లేదు. కొలవకుండా కొట్టించమని నేనెక్కడ అన్నాను? అనకముందే తగాదాకి వచ్చీసినావు. రోలరు గుంటలు కూడా చూడు, అవి కోలగా అరిగితే షూ పారీయడమే.

టెక్కలి రాయిబండి

ఆలస్యానికి క్షమించండి, రెండు రోజులు బండి కిందే గడిచింది. మేస్త్రిగారి షెడ్డులోనే చేయించాం. ఆయన నిజంగా కుర్చీ వేసుకునే కూర్చున్నారు.

కుడి డ్రమ్ము లాగగానే ఎవరూ మాట్లాడలేదు. క్యామ్ తల చుట్టూ పిడికెడు ఎర్ర గ్రీజు. దసరాకి కొట్టించిన గన్నులోది ఎరుపే. లైనర్లు తారు రోడ్డులా నల్లగా మెరుస్తున్నాయి, గోరుతో గీస్తే జిడ్డు వస్తోంది. మందం మాత్రం నిండా ఉంది, మొదటి మెకానిక్ చెప్పినట్టు ‘అయిపోలేదు’. లోపలి సీలు తీసి చూస్తే పెదవి డ్రమ్ము వైపు ఉంది. నాకంటే ముందు యజమాని దగ్గరో, మరెక్కడో ఎవరో తిరగేసి పెట్టారు. మేస్త్రిగారు దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పి చూసి జేబులో వేసుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

తాళం కాలరు కూడా ఆయన అన్నట్టే లోపలే ఇరుక్కుపోయి ఉంది. స్లాకు మార్చాం.

ఎడమ డ్రమ్ము ఓవలేమీ కాలేదు. లోపల సన్నటి వేడి గీతలు ఉన్నాయి గానీ, అంచు దాకా పాకిన నెర్రె లేదు. డ్రమ్ము అంచు మీద గరిష్ట వ్యాసం పోత పోసి ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలీదు. కొలిస్తే ఇంకా లోపే ఉంది, లేతు మీద పల్చగా పట్టించి అదే ఎక్కించాం. కొత్త డ్రమ్ము డబ్బు మిగిలింది. ఎడమ లైనర్లు గాజులా నున్నగా కాలిపోయాయి. రెండు పక్కలా నాలుగు షూలకీ కొత్త లైనర్లు కొట్టించాం, ఒక షూ వంపు సాగిందని మార్చాం (యార్డు అన్నగారికి సంతోషమే). బుష్షులు, సీళ్లు, రిటర్న్ స్ప్రింగులు కొత్తవి. ఆ సీళ్లు నాలుగూ కలిపి ఒక బిర్యానీ ఖరీదు కూడా చెయ్యలేదు. మిగతా బిల్లు సంగతి ఇంట్లో చెప్పలేదు.

స్లాకు సర్దడం మా వాడికి మేస్త్రిగారే నేర్పారు. డ్రమ్ము చల్లగా ఉండగా, లైనరు తగిలేదాకా బిగించి, అక్కడినుంచి పావు చుట్టు నుంచి అర చుట్టు లోపు వెనక్కి తిప్పి, కాలరు బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. వాడితో పదిసార్లు చేయించారు. పదకొండోసారి వాడే అడిగాడు, “బిగించేటప్పుడు క్యామ్ ఎటు తిరగాలి తాతా?” అని. బ్రేకు పడ్డప్పుడు ఎటు తిరుగుతాదో అటేనని చెప్పి, ఆ ప్రశ్నకి వాడికి టీ ఇప్పించారు.

ఇప్పుడు ఎడమ 39, కుడి 40. నిన్న లోడుతో వెళ్లాను. మడపాం దగ్గర రెండు డ్రమ్ములూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. 100 కిలోమీటర్లకి చక్రం నట్లు మళ్లీ బిగించమన్నారు, ఆనందపురం దగ్గర ఆపి బిగించాను, రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. ఎఫ్‌సీ వచ్చే గురువారం.

ఒక్కటే మిగిలింది. అదే గాలి గన్నుతో మిగతా రెండు యాక్సిళ్లకి కూడా కొట్టించాను కదా. నిన్న దారిలో ఆరు డ్రమ్ములూ తడిమి చూశాను. రెండో యాక్సిల్ ఎడమది మిగతావాటి కంటే చల్లగా అనిపించింది.

నరసన్నపేట పాత మేస్త్రి

అనిపించడం కాదు, సుద్దగీత పెట్టి కొలువు. సీళ్లు రెండు జతలు పక్కన పెట్టమని అల్లుడికి చెప్పినాను. మంగళవారం పొద్దున్నే ఖాళీ బండితో వచ్చీ. గుంటడిని కూడా తీసుకురా, ఈసారి డ్రమ్ము వాడే విప్పుతాడు.